మా అమ్మాయి అడిగి చూపించుకున్న అంకె

మా ఇంట్లో గొర్రెలను లెక్కపెట్టేవాళ్ళు కాదు. లెక్కపెడితే మంద తరిగిపోతుందని భయం. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు మొహాలు చూసే ఏది రాలేదో చెప్పేవాళ్ళు. ఆ నేర్పు గొప్పదే; ఆ భయంతో మాత్రం, మూఢనమ్మకాల మీద సభలు పెట్టి జీవితమంతా పోట్లాడాను. గొర్రెలు మేసిన చోట సోలార్ ప్యానెళ్ళు వచ్చాక కూడా ఆ భయం పోలేదని మా అమ్మాయి ఆట వల్ల తెలిసింది.

తను బలసముద్రంలో ప్యానెళ్ళు కడిగే పనికి పోతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తనూ, మా అన్న కొడుకూ, తోటి పనివాళ్ళు ఇద్దరూ ఫోన్లలో ఒక జట్టుగా తుపాకుల ఆట ఆడతారు. వై.ఎన్.హొసకోటలో ఆ ఆటకు పోటీ పెడుతున్నారు. అంతకుముందు వరసగా ఓడేసరికి, జట్టు నడిపే మా అన్న కొడుకు తనను తీసేస్తానన్నాడు. ఎవరెలా ఆడారో చూపే ట్రాకర్ పెట్టి, అది చూశాకే తీసెయ్యమంది తను.

వాడు ఆదివారం నా దగ్గరికొచ్చాడు. "లెక్కలు మన ఇంటికి అచ్చిరావు చిన్నాయనా. నీకు తెల్దా?"

నేను ఊరుకుంటానా? రుజువు చూడకుండా మనిషిని వెళ్ళగొట్టడం ఏం న్యాయమని గంటసేపు వాదించాను. మిగతా ఇద్దరినీ ఫోనులో అడిగి, మా అమ్మాయీ వాడూ నా ముందే ట్రాకర్ పెట్టారు.

అంతవరకు ఆడిన ఆటల్లో ఎవరెంతమందిని కొట్టారో మొదట వచ్చింది. అందరికన్నా అడుగున మా అమ్మాయే.

"ఏంది చిన్నాయనా, నీ రుజువు నాకే పనికొచ్చినట్టుండాదే," అని నవ్వాడు వాడు.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఫోను ఆపెయ్యడానికి చెయ్యి చాపాను. ఇన్నేళ్ళు సభల్లో రుజువులు అడిగిన చెయ్యి.

"ఉండు నాయనా, ఇంకా కిందుండాది," అంటూ తను తెర జరిపింది.

ఆటలో దెబ్బ తిని పడిపోయిన తోటివాళ్ళను ఎవరెన్నిసార్లు లేపారో అక్కడుంది. అందులో అందరికన్నా పైన తనే. ఎక్కువసార్లు లేపించుకున్నది వాడు.

"నేను ఇన్నిసార్లు పడినానా?" అన్నాడు మెల్లగా.

"ముందుకు పోయేది నువ్వే కదన్నా, పడతావు. నాకు కొట్టేది సరిగా రాదు, అదీ నిజమే."

ఇలాంటి ట్రాకర్లను ఆటల్లో ఉండనివ్వాలనే నేనంటాను. ఒక్క అంకె చూసి మనిషిని తీసేసే అధికారం మాత్రం ఎవరికీ ఉండకూడదు. తనకు ఎదురు తిరిగిన అంకెను దాచకుండా వాదన గెలిచింది నా కూతురు; నేను ఏ సభలోనూ అలా గెలవలేదు.

మర్నాడే వాడు హొసకోటకు పోయి పోటీకి నలుగురి పేర్లూ రాయించాడు. గురి నేర్పమని తను వాడినే అడిగిందట.