ఏరు లేని దీవి

ధవళేశ్వరంలో పడవెక్కిన దగ్గరనుంచి, మా ఎదుట కూర్చున్న వర్తకుల అబ్బాయి అన్నం ఆకు విప్పుకుని కూడా ముద్ద ముట్టలేదు. ఏమిటి సంగతని మా అత్తగారు అడిగారు.

"జాజికాయల బేరానికి వెళ్లి, ఏడేళ్లు ఒలందా దొరలు, అదే డచ్చివాళ్లు, ఏలే దీవిలో ఉండిపోయానండి. సముద్రం దాటినవాడివి, గడప తొక్కొద్దని మా అమ్మ కబురు పెట్టింది."

"దీవంటే ఎంతుంటుంది నాయనా?"

అతడు అన్నం కుప్ప చేసి, నడుమ గుంట తీసి కొరివికారం నింపాడు. "చుట్టూ ఈ ఆకు సముద్రమనుకోండి మామ్మగారూ. ఇది నిప్పులు కక్కే కొండ. ఈ అంచున జాజి తోటలు. పెత్తనం దొరలది, చాకిరీ జావా కూలీలది, కొట్లు చీనావాళ్లవి."

"మరి ఏరేదీ?"

"లేదండి. వాననీళ్లే తొట్లలో పట్టుకోవాలి."

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఏడేళ్లూ ఏట్లో మునగలేదూ! మీ అమ్మకి ముందు ఆ మాట చెప్పు."

లాకుల దగ్గర పడవ ఆగింది. గట్టు మీద వాళ్లమ్మ మొహం తిప్పుకుని నిలబడి ఉంది.

"అమ్మా, అక్కడ ఏరు లేదే!" అని అరిచాడు.

"ఓరి నీ మొహం మండా! ఏడేళ్ల మురికా?" అంటూ ఆవిడ గబగబా దిగివచ్చి, చొక్కాతో సహా కాలవలోకి లాగి మూడు మునకలు వేయించింది. ఆపైన, "పద, వండిందంతా చల్లారిపోతోంది" అంది.

నేటికీ గోదావరిలో మునిగినప్పుడల్లా ఆ దీవివాళ్ల పేరున ఒక మునక ఎక్కువ వేసి, మాకీ ఏటితల్లినిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.