పిల్లల చాప మీద సలహాదారు

నేను పదవీ విరమణ చేసిన నెలలోనే సలహాల కోసం బెంగళూరులో సగం స్వచ్ఛంద సంస్థలు మా ఇంటి ముందు వరుస కట్టాయని చాలామందికి చెప్పాను. బళేపేటలో నా విజిటింగ్ కార్డులు అచ్చువేసిన మనిషికైతే రెండుసార్లు చెప్పాను. నిజానికి వచ్చింది ఒక్కరే. ఆమె హొసకోటె బస్సు దిగి, మా వీధిలో ఇద్దరిని దారి అడిగి, చెమట తుడుచుకుంటూ వచ్చింది.

ఇరవై రెండేళ్లు ఒక సేవాసంస్థను నడిపినవాణ్ణి. నడపడమంటే నేను మాట్లాడేవాణ్ణి, మిగతావాళ్లు పని చేసేవాళ్లు. నేను దిగిపోయేనాటికి కుందలహళ్ళి వైపు కంప్యూటరు ఆఫీసులు ఒకటొకటిగా లేస్తున్నాయి. క్రికెట్టు నేర్పేవాడు కాక, ఆఫీసుల్లో పైవాళ్లకు పని నడపడం నేర్పే ఇంకో రకం కోచ్ కూడా ఉంటాడని ఆ రోజుల్లోనే విన్నాను. ఆ విద్యను ఆరు నెలలు అభ్యసించానని కార్డు మీద వేయించాను. శిక్షణ రెండు రోజులే. రెండోరోజు భోజనం తర్వాత నిద్రపోయాను కనుక ఒకటిన్నర అనాలి. మెలకువగా ఉన్నప్పుడు విన్నది ఒక్కటే గుర్తుంది. కోచ్ జవాబులు చెప్పకూడదు, ప్రశ్నలు అడగాలి.

వచ్చినామె హొసకోటెలో ఒక చిన్న ట్రస్టుకు కొత్త డైరెక్టరు. బట్టల ఫ్యాక్టరీలకు పోయే తల్లుల పిల్లల కోసం వాళ్లు ఒక శిశువిహారం నడుపుతున్నారు. అది సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. ఫ్యాక్టరీలో పని ఇప్పుడు ఆరున్నర దాకా పెరిగింది.

"తల్లులు పిల్లోళ్లని ఇంట్లోనే పెట్టి బీగం వేసి పోతుండారు సార్," అంది. "ఏడు దాకా తెరిచి పెడదామంటే మా టీచర్లు వినేది లేదు. పోయినేడాది దాకా నేనూ వాళ్లతోనే కూచొని పాటలు చెప్పినదాన్నే కదా. ఇప్పుడు మేడమ్ అనేదానికి వాళ్లకు నగు వస్తుండాది."

నెలలోగా ఇది తేల్చకపోతే వేరే డైరెక్టరును చూసుకుంటామని ట్రస్టీలు చెప్పేశారట.

"నెలెందుకమ్మా, నాకు రెండు వారాలు చాలు," అన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్ల ఆఫీసులో చేతులున్న కుర్చీ ఒక్కటే కనిపించింది. ఎవరూ కూర్చోమనలేదు. నా నడుము అలవాటుగా వెళ్లి అందులో వాలింది. టీచర్లు ఆరుగురూ వచ్చారు. "మీ సమస్య ఏమిటి?" అని శాస్త్రప్రకారం అడిగి, వాళ్లు నోరు తెరిచేలోగా నేనే జవాబు మొదలుపెట్టి, సేవాధర్మం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు పాత మద్రాసు రోడ్డు దాకా వినిపించాయని మా ఆవిడతో చెప్పాను. కొట్టింది ఆయా ఒక్కతే. ప్రసంగం అయిపోతే టీ పెట్టుకోవచ్చని ఆమె ఆత్రం.

రెండోసారి పెద్ద టీచరు నేరుగా నా దగ్గరికే కాగితం తెచ్చింది. "సార్, మా చెల్లెలింట్లో గృహప్రవేశం ఉండాది. మూడు దినాలు లీవు."

తీసుకుని, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేశాను. ఇరవై రెండేళ్లు నా చేతికి తెలిసిన పని అదొక్కటే. తల ఎత్తితే డైరెక్టరు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూర్చోవడానికి ఆ గదిలో చోటే లేదని అప్పుడు చూశాను.

టీచరు వెళ్లేదాకా ఆగి, మెల్లగా అంది: "ఆ లీవు నేను నిన్ననే వద్దన్నాను సార్. మీరు నాకు నేర్పించేదానికి వచ్చినారా, నా పైన ఇంకొక డైరెక్టరుగా వచ్చినారా?"

డైరెక్టరు నన్ను అపార్థం చేసుకుందని ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను. ఆమె అవరె చిక్కుళ్లు ఒలుస్తూ, తల ఎత్తకుండానే అంది: "ముప్పై ఏండ్లలో నేను మొదలుపెట్టిన మాట ఒక్కటి నన్ను ముగించనిచ్చినారా? మీరు ఊరోళ్ల మాట వినేది..."

"అది వేరే విషయం."

"చూడండి, ఇప్పుడు కూడా!"

మూడోసారి వెళ్లి, అందరి ఎదుటా నా సంతకం చెల్లదని చెప్పి, గది వెనక పిల్లల చాప మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. సమావేశం మొదలైంది. డైరెక్టరు ఏడుగంటల మాట ఎత్తగానే పెద్ద టీచరు నా వైపు తిరిగింది. "మీరే చెప్పండప్పా."

నా నోట్లో తొమ్మిది అద్భుతమైన జవాబులు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఎనిమిది ఒకేలాంటివి. "మేడమ్‌ని అడుగమ్మా," అన్నాను. తర్వాత నోరు అదుపులో ఉండటానికి ఒక చెక్క చిలక బొమ్మను పట్టుకుని దాని చక్రాలు తిప్పుతూ కూర్చున్నాను.

అప్పుడు డైరెక్టరు అడిగింది: "అక్కా, ఐదు కొట్టగానే నువ్వు పరిగెత్తేది ఎందుకు?"

పెద్ద టీచరు ఆమె వైపు తిరిగి చెప్పింది. "మా అత్తకు షుగరు. సాయంకాలం సూది ఏసేది నేనే."

"నాకు పొద్దున్నే కష్టం," అంది ఇంకొకామె. "సాయంకాలం ఎంతసేపైనా ఉంటా. ఇంట్లో మా ఆయన మొగం చూసేదానికన్నా ఇదే మేలు."

అందరూ నవ్వారు. డైరెక్టరు నల్లబల్ల మీద గీత గీసి, పొద్దున వచ్చేవాళ్లను ఒకవైపు, సాయంత్రం ఉండేవాళ్లను ఇంకోవైపు రాసింది. ఒక్కొక్క వైపు ముగ్గురు తేలారు.

"నాలుగుకే పంపిస్తా అక్కా. పొద్దున ఏడున్నరకు తలుపు తీసేది నువ్వే."

"తీస్తాలే మేడమ్. మరి నా లీవు?"

"ఒక్క దినం."

ఈసారి మేడమ్ అనే మాటకు ఎవరికీ నవ్వు రాలేదు. ఆ రెండు జట్ల ఉపాయం నాదేనని తర్వాత అనేక సభల్లో చెప్పుకున్నాను. నాకు తట్టనే లేదు. ఆ టీచర్లకు పని మీద శ్రద్ధ లేదనే నేను అనుకుంటూ వచ్చాను.

సాగనంపుతూ డైరెక్టరు అంది: "ఇంక మీరు రానక్కర లేదు సార్. అవసరమైతే ఫోన్ చేస్తాను." బస్సులో కృష్ణరాజపురం దాకా మొహం మాడ్చుకునే కూర్చున్నాను.

కొత్త వేళలు మొదలైన రోజు సాయంత్రం ఉండబట్టలేక వెళ్లి, శిశువిహారం ఎదురుగా ఉన్న టీ అంగడిలో నిలబడ్డాను. ఆమె చూడనే చూసింది.

"ఏం సార్, ఇక్కడ?"

"ఇంకో సంస్థ పిలిచింది."

"ఏ సంస్థ?"

"ఈ టీ అంగడి," అని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఆరున్నర దాటాక ఫ్యాక్టరీ బండి వచ్చి ఆగింది. తల్లులు అలవాటు కొద్దీ దూకి పరుగందుకున్నారు. శిశువిహారంలో దీపం వెలుగుతోంది, తలుపు తీసే ఉంది. అది చూసి ముందు పరిగెత్తే ఆమె నడకలోకి దిగింది, ఆమె వెనకవాళ్లూ నెమ్మదించారు. ఒకామె అయితే మధ్యదారిలో ఆగి, కొత్తిమీర కట్ట కోసం తీరిగ్గా బేరమాడింది.