మూల గదిలో మోగిన పెట్టె

నా మొగుడి కర్మలు అయిన మరునాడే మా మరిది ఒక నల్ల పెట్టె తెచ్చి నా గదిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ముందు వైపు నీలం దీపం, వెనక వైర్లు. దానికి అటొకటి ఇటొకటి స్పీకర్లు పెట్టి, ఒక పాత సెల్లు గుచ్చి, వదిలేసి పోయాడు.

వాడికి మార్కాపురంలో సెల్ షాపు ఉంది. పాటలంటే పిచ్చి. సెల్లులో ఉండేది పాట కాదంట, ఉత్త అంకెలంట. ఆ అంకెల్ని శబ్దంగా మార్చేది ఈ పెట్టెనంట. ఆ పని సెల్లు కూడా చేస్తుంది కదా అంటే నన్ను చూసి జాలిగా నవ్వాడు. కొత్త పెట్టె కొన్నవాళ్ళు దాన్ని వారాల తరబడి రేయీ పగలూ మోగిస్తూనే ఉండాలంట. అప్పుడుగానీ దాని గొంతు తెరుచుకోదంట. వాడి పెళ్ళాం ఆ రొద పడలేక వాణ్ణీ పెట్టెనూ కలిపి బయటికి గెంటింది. షాపులో పెడితే రాత్రి ఎలుకలు వైర్లు కొరుకుతాయని భయం. ఎప్పుడూ మనిషి ఉండే ఇల్లు కావాలి.

మొగుడు పోయిన ఆడది మూడు నెలలు మూల కూర్చోవాలి. గడప దాటకూడదు. ఎదురు రాకూడదు. నాకంటే మంచి కావలి వాడికి ఎక్కడ దొరుకుతుంది?

"నీకూ పొద్దు పోతాది వదినా," అన్నాడు.

"నాకు పొద్దు పోలేదని నీకాడికొచ్చి ఏడ్చినానా?" అన్నాను.

నా మాట వాడికి ఎప్పుడూ తిట్టులాగే వినపడుతుంది. తిట్టే అనుకోండి. నా గొంతు అసలే రంపం. పెళ్ళైన కొత్తలో నేనూ ఆయనా బండి తోసుకుంటూ, తర్వాత ఆటోలో, పుల్లలచెరువు దాకా ఊరూరా ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, అమ్మాం. ఆయన ఒక వీధి అరిస్తే నేను ఒక వీధి అరిచేదాన్ని. నా గొంతు అప్పుడే పగిలింది. మళ్ళీ అతుక్కోలేదు.

ముందు వాడు పెట్టినవి పిల్లనగ్రోవి పాటలు. పక్కింటామె గడప బయటే నిలబడి అడిగింది.

"ఏందక్కా ఇది? మనిషి పోయిన ఇంట్లో పెండ్లి చేస్తాండారా?"

"మా మరిదినడుగు. నన్ను చూస్తే సన్నాయి ఊదేదానిలెక్క కనపడతాండానా?"

ఆ మాట వాడి దాకా పోయింది. పాటలు మానేశాడు. పెట్టెను మానలేదు. ఆటోలో మైకుకు తగిలించిన చిప్పును పీకి తెచ్చాడు. నన్ను అడగలేదు. ఆ పొద్దున నేను అటు తిరిగి పడుకుని ఉన్నాను. వెనక నుంచి నా మొగుడు అరిచాడు.

"ఎర్రగడ్డలమ్మా ఎర్రగడ్డలు! తెల్లగడ్డలమ్మా తెల్లగడ్డలు! కర్నూలు గడ్డ, ఎండిన గడ్డ! కుళ్ళింది చూపిస్తే మళ్ళా ఇస్తాం! రాండమ్మా రాండి, గిన్నెలు తెచ్చుకోండి!"

ఆయన గొంతు కూడా అరిచి అరిచి చెడిపోయినాక, ఒకరోజు పెరట్లో కూర్చుని సెల్లులో పట్టుకున్న అరుపు అది. అంతే ఉంది. ఆయన నవ్విందీ, నన్ను పిలిచిందీ, చివరికి ఆసుపత్రిలో గొణిగిందీ ఎవరూ పట్టి పెట్టలేదు. గోడ మీద ఫొటో ఉంది గానీ, తల దువ్వుకుని కూర్చున్న ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన మిగిలింది ఆ అరుపులోనే.

ఆటో మైకులో వింటే అది డబ్బాలో రాళ్ళు పోసినట్టు ఉండేది. ఈ పెట్టెలో నిజంగా మనిషే వచ్చాడు. నాలుక అంగిలికి అంటుకుని ఊడే చప్పుడు ఉంది. "కర్నూలు" అనే ముందు పీల్చిన ఊపిరి ఉంది. ఆ పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైందని నాతో తగువు పెట్టుకున్నాడు. ఆ కోపం "రాండమ్మా"లో ఉంది. గరగరమని ఒంటికి గోనెపట్టా రాసినట్టు ఉంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కర్మల రోజు కూడా నాకు అంత ఏడుపు రాలేదు. ఆ నొప్పి నాకు కావాలి అనిపించింది. అది ఉన్నంత కాలం ఆయన ఉన్నట్టే.

వెనక వీధి ముసలామె గిన్నె పట్టుకుని వచ్చింది.

"మీ ఆయన పోయినాడన్నారే, ఎవురో అబద్ధం చెప్పినారు."

"పోయినాడు పెద్దమ్మా. గడ్డలు ల్యావు, అరుపే ఉండాది."

ఆమె గిన్నె బోర్లించి పట్టుకుని వెళ్ళిపోయింది.

మా మరిది రోజూ షాపు తెరిచే ముందు వచ్చేవాడు. కళ్ళు మూసుకుని, ఉప్పు చాలిందో లేదో చూసేవాడిలా తల ఊపుతూ వినేవాడు.

"మొదట్లో 'చూపిస్తే' అన్నకాడ సూదితో గుచ్చినట్టుండె. ఇప్పుడు చూడు, మెత్తబడింది. పెట్టె మాగుతాంది వదినా."

"మాగేదానికి అది మామిడికాయా?"

"ఎగతాళి కాదు. నిజం చెప్పు, నీకు తేడా తెలీడంల్యా?"

నాకు తెలుస్తోంది. అదే నా కడుపు మంట. వాడు అబద్ధం చెప్పి ఉంటే రెండు తిట్టి ఊరుకునేదాన్ని. నిజంగానే ఆ గరగర తగ్గింది. ఊపిరి పీల్చిన చోటు చెవి పెట్టి వెతుక్కుంటేగానీ దొరకడం లేదు. "రాండమ్మా"లో కోపం పోయి, ఎవరినో మర్యాదగా పిలిచినట్టు ఉంది. పలక రాయిని నున్నగా అరగదీసినట్టు, ఆ పెట్టె నా మొగుణ్ణి అరగదీస్తోంది అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా బావిలా అయింది. అప్పుడు తెలిసింది, పొద్దుటి నుంచీ ఆయన అరుస్తూనే ఉన్నాడని. నేను ఒక్క మాట కూడా వినలేదు. ఆగితేనే తెలిసింది. చాటలో చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నాకు ఏడుపు రాలేదు. అది రానందుకు భయం వేసింది.

మరునాడు వాణ్ణి గుమ్మంలోనే ఆపాను.

"నీ పెట్టె తీసుకపో. ఆయన గొంతు చెడిపోతాంది."

"చెడిపోవడం కాదు వదినా, బాగుపడతాంది. అన్న బతికుండంగా ఇంత బాగా ఎప్పుడన్నా అరిచినాడా?"

చేతిలో ఉన్న చెంబు విసిరాను. తగల్లేదు. ఇప్పటికీ నాకు ఆ దిగులు ఉంది.

వాడు గోడకు ఆనుకుని, "దానికేం కాదు, కాపీ నా షాపులో ఉండాది. అది యాడికీ పోదు," అన్నాడు. పెట్టెను మాత్రం తీయలేదు. మధ్యలో ఆపితే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టేనంట.

మరి నువ్వే వైరు పీకి పారేయలేకపోయావా అని మీరు అడుగుతారు. పీకాను. పీకిన కాసేపటికి ఆ గదిలో నేనూ గోడలూ మిగిలాం. మళ్ళీ నేనే గుచ్చాను. మోగితే వినపడడు, ఆపితే ఉండలేను. వాడు తెచ్చిపెట్టిన ఈ పీడను ఏ నోటితో తిట్టాలో నాకు తెలియలేదు.

మూల కూర్చున్న ఆడదాన్ని గడువు తీరాక చుట్టాలెవరైనా తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టాలి. నిద్ర చేయించడం అంటారు. నాకు పుట్టింటి వాళ్ళు ఎవరూ లేరు. అందుకని బేస్తవారిపేట నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఆయనకు అక్క. ఆమెకూ నాకూ ఏనాడూ పడలేదు. మేకల మందను తోలినట్టు మనుషుల్ని తోలుతుంది. తమ్ముడి కర్మల తర్వాత మళ్ళీ అదే రావడం.

ఆమె వాకిట్లో అడుగు పెట్టింది. లోపల ఆయన అరుస్తున్నాడు. చేతిసంచి కింద పడేసి గడప మీదే కూలబడింది.

"అయ్యో తమ్ముడా! ఏందే ఇది, గొంతు కోసుకున్నట్టు అరస్తాండాడు! ఆ గరగర చూడు, మా నాయన గొంతే అది. ఆపండే, నా గుండె ఆగిపోతాది!"

మా మరిది అప్పుడు అక్కడే ఉన్నాడు. నేను వాడి ముఖం చూడలేదు. ఆమె ముఖమే చూశాను.

"మెత్తగా ల్యా వదినా?" అని ఆమెను అడిగాను.

"మెత్తగానా? నీ చెవులకేమన్నా రోగమా? వాడు నా మీదికొచ్చి అరిచినట్టుండాది."

"కర్నూలు అనే ముందర ఊపిరి పీల్చింది వినపడిందా?"

"ఎందుకు వినపడదు? ఆయాసం ఎట్లుండాదో చూడు పాపం."

నేను మళ్ళీ విన్నాను. చెవులు రిక్కించి, కళ్ళు మూసుకుని, వాడిలాగే విన్నాను. నాకు వినపడలేదు. ఆమె నేల మీద పొర్లి ఏడుస్తోంది. నేను పక్కింటి రేడియో విన్నట్టు నిలబడి ఉన్నాను. నా మొగుడి కోసం నాకు రావాల్సిన ఏడుపు ఆమె ఏడుస్తుంటే ఆమె మీద కూడా మండింది.

మా మరిది నసిగాడు. "అక్క మంచి సౌండు ఎన్నడు వినింది? మొదటి రోజు వినుంటే ఆమెకు తేడా తెలిసుండు. పెట్టె మారింది. నేను చెవులారా విన్నా."

పెట్టె మారిందో లేదో నేను ఇప్పటికీ ఒట్టు వేసి చెప్పలేను. వాడు ఇప్పటికీ మారిందనే అంటాడు.

"నీ పెట్టె సంగతి నాకొద్దు," అన్నాను. "నా చెవిని మాగబెట్టినావు. మూన్నెల్లు కుక్కి కుక్కి నా మొగుణ్ణి ఫ్యాను చప్పుడు చేసి పెట్టినావు. కాపీ ఉండాది, పోదంటివి గదా? నా చెవిలోంచి పోయినాక నీ షాపులో ఉంటే ఎవురికి, లేకుంటే ఎవురికి?"

"వదినా, నేను మంచికే..."

"నీ మంచి తీసుకపోయి నీ పెళ్ళానికి వినిపించు."

పెట్టె, స్పీకర్లు, వైర్లు అన్నీ వాడి చేతిలో పెట్టేదాకా నేను ఇల్లు కదల్లేదు. షాపులో కాపీ చెరిపేయమన్నాను. మా ఇద్దరి ముందే సెల్లు తీసి ఏదో నొక్కి, చెరిపేశానన్నాడు. నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

చిప్పు మాత్రం నా దగ్గర పెట్టుకోలేదు. ఉంటే పెట్టించుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. బేస్తవారిపేటలో నిద్ర చేసిన తెల్లారి మా ఆడబిడ్డ చేతిలో పెట్టాను. నేను కాళ్ళు పట్టుకుని అడిగినా మోగించవద్దన్నాను.

"నాకు మోగించడం వస్తే గదా! మేకలకు వినిపించాల్నా దీన్ని?" అని రొంటిలోని వక్కాకు సంచిలో వేసుకుంది.

అప్పటి నుంచి నేను దాన్ని వినలేదు. కావాలని వినలేదు. ఎందుకంటే ఆయన్ని తలుచుకుంటే నా తలలో మోగేది ఇంకా ఆ మెత్తటి గొంతే. మర్యాదగా గడ్డలు అమ్మే పరాయివాడి గొంతు. అది పూర్తిగా చచ్చిపోవాలి. ఆయన గొంతు ఎట్లా ఉంటుందో కూడా గుర్తు రానంతగా నేను మరిచిపోవాలి. అప్పుడు వింటే మళ్ళీ తగలొచ్చు. తగలకపోవచ్చు కూడా. ఆ భయం నాకు ఉంది.

మా మరిది మొన్న పండక్కి వచ్చి, పెట్టె ఇప్పుడు బ్రహ్మాండంగా పలుకుతోందనీ, ఒక్కసారి వచ్చి వినమనీ అన్నాడు. వాణ్ణి వాకిట్లోంచే తిప్పి పంపాను. ఆ ముందు నెల బేస్తవారిపేట పోయినప్పుడు మా ఆడబిడ్డ కూడా అడిగింది.

"ఎప్పుడు వింటావే మరి? నేను చచ్చినాకనా?"

"నువ్వు చావబాకు. చిప్పు నీకాడ ఉండాది."