దక్తూరా అడిగిన మాట

మొన్న సఖీర్ వైపు ఎడారిలో ఒక ఒంటెల దొడ్డికి రక్త నమూనాలు తీయడానికి వెళ్లాను. మర్యాదస్తుడైన యజమాని అప్పుడే పితికిన పాల గిన్నె నా చేతికిచ్చాడు. నురగ ఇంకా చిటపటమంటోంది. ఒంటెపాల వాసన ఎరగనివాళ్లకు చెప్పడం కష్టం. కొంచెం ఉప్పు, కొంచెం పొగ, కొంచెం ఆ జంతువు ఒంటి వెచ్చదనం. ఆ వాసన ముక్కుకు తగిలితే నా చెవులు వేడెక్కుతాయి, ఇన్నేళ్లయినా అంతే. పాలను చూసి సిగ్గుపడే మగవాడు బహ్రెయిన్ మొత్తం మీద నేనొక్కణ్ణే అయివుంటాను. “గొంతు నొప్పిగా ఉంది, కాస్త మరిగించి ఇప్పిస్తారా?” అని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు. గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పంపాడు. గొంతు నొప్పి అన్న ఆ అబద్ధం నేను కల్పించింది కాదు, దక్తూరా అమీనా దగ్గర నేర్చుకున్నది.

దక్తూరా అంటే అరబ్బీలో డాక్టరమ్మ. ఆమె పశువుల డాక్టరు, బహ్రెయినీ మనిషి, నేను వచ్చేనాటికే యాభై దాటాయి. నేను జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, పశువైద్యంలో డిప్లొమా చేసి, ఆమె కింద సహాయకుడిగా చేరాను. మా ఊళ్లో మాత్రం నన్ను ‘దుబాయిల ఒంటెల డాక్టరు’ అనే చెప్పుకుంటారు. బహ్రెయిన్ అని నేను ఎన్నిసార్లు దిద్దినా వాళ్లకు దుబాయే. నిజానికి నా పని ఒంటె మెడలో నరం దొరకబుచ్చుకుని రక్తం తీయడం, ముక్కులో దూదిపుల్ల తిప్పడం, ఒక్కోసారి ముఖాన ఉమ్మించుకోవడం. మేము ముఖ్యంగా వెతికేది బ్రూసెల్లోసిస్ అనే రోగం. అది సోకితే చూడి ఒంటెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి. పైకి ఇంకే జబ్బూ కనబడదు. పచ్చిపాల వల్ల, పురిటి నీళ్ల వల్ల మనుషులకూ అంటుతుంది. అందుకే ఏటా ప్రతి మందా చూడాలి.

దక్తూరా దొడ్డి దాకా బండి తీసుకెళ్లేది కాదు. దూరంగా ఆపి, నడిచి వచ్చి, కంచె దగ్గర నిలబడి ఊరికే చూసేది. నేను సామాన్లు పట్టుకుని ఎండలో మాడుతుండేవాణ్ణి. ఈమెకి పని చేయాలని లేదేమో అని మొదట్లో లోలోపల విసుక్కున్నాను కూడా. చూసి చూసి, ఒక ఒంటె వైపు గడ్డంతో చూపించి, “దాంతో మొదలుపెడదాం, యల్లా, పద” అనేది. “అదెందుకు?” అని ఒకసారి అడిగాను. “మేత దగ్గరికి అన్నీ కలిసి వెళ్లాయి. అది తర్వాత వెళ్లింది” అంది. ఆమె నాతో మాట్లాడింది హిందీయే గాని, ఆడా మగా తేడా లేని హిందీ. నన్ను ఆడపిల్లనడిగినట్టు ‘తూ ఆయీ?’ అని పలకరిస్తే ప్రయోగశాలలో మలయాళీలు పడిపడి నవ్వేవారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది. తనను చూసి జనం నవ్వితే చిన్నబుచ్చుకునే స్వభావం కాదు. నేనేమో ఎవరైనా పక్కకు తిరిగి నవ్వుకున్నా నా గురించే అనుకునే రకం.

పాలు ఇచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ కాదనేది కాదు. ఇచ్చింది పుచ్చుకోకపోతే దొడ్డివాళ్లు అవమానంగా భావిస్తారు. పచ్చిపాలు తాగితే ఆమె చదువుకు అవమానం. అందుకని గిన్నె రెండు చేతులా అందుకుని, వాసన చూసి మెచ్చుకుని, గొంతు నొప్పని మరిగించమనేది. పదేళ్లుగా ఈవిడకి గొంతు నొప్పి తగ్గలేదా అని ఏ యజమానీ అడగలేదు. అందరికీ తెలుసు, అందరూ మర్యాదగా ఊరుకున్నారు.

ఒక చలికాలంలో ఆమె సెలవులో ఉండగా నేనొక్కణ్ణే ఒక ముసలాయన దొడ్డికి వెళ్లాను. ఆయన పాలు ఇచ్చాడు. తెల్లగడ్డం మనిషి, నా పక్కనే కింద కూర్చుని, నేను తాగితే చూద్దామని పసిపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. గొంతు నొప్పి మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంత పెద్దమనిషి ముందు అబద్ధమాడటానికి నాకు మొహం చెల్లలేదు. తాగేశాను. బాగుందంటే ఇంకో గిన్నె పోశాడు, అదీ తాగాను. ఆ మంద రక్తం నేనే పరీక్షించాను. గులాబీరంగు మందు చుక్కలో సీరం కలిపి గాజు పలక మెల్లగా ఊపితే, రోగం లేనిది నున్నగా ఉంటుంది, ఉన్నది ఇసుక పోసినట్టు పలుకులు కడుతుంది. ఆ ముసలాయన ఒంటెల్లో చాలావాటికి పలుకులు కట్టాయి. ఫలితాలు పైకి పంపాను. నా సంగతి మాత్రం నాకేమీ కాదులే అని పక్కన పెట్టాను. రోజూ పచ్చిపాలు తాగొద్దని అందరికీ చెప్పే మనిషిని, నాకెలా వస్తుంది!

వచ్చింది. సాయంత్రమైతే సన్నని జ్వరం, పక్కంతా చెమట, నడుము విరిచేసినట్టు నొప్పి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నా గదిలో ఉండేవాళ్లు ఏసీ పడలేదన్నారు. నేనూ అదే అనుకున్నాను, అనుకోవడానికి గట్టిగా ప్రయత్నించాను. తర్వాత ఇంకొకటి మొదలైంది. దాన్ని ఇక్కడ నసిగితే ఇదంతా రాయడమే దండగ కాబట్టి రాసేస్తున్నాను: వృషణాలు వాచాయి. ఆ రోగం మగవాళ్లకు అలా చేస్తుందని చదువుకున్నవాణ్ణే. అయినా ఆ వాపు చూసుకోగానే నాకు రోగం గుర్తు రాలేదు, జనం గుర్తొచ్చారు. పెళ్లాన్ని ఊళ్లో వదిలి వచ్చిన మగాడికి అక్కడ జబ్బంటే ఏమనుకుంటారో నాకు తెలుసు. మనామాలో ఎక్కడ తిరిగొచ్చాడో అంటారు. ఆ మాట నా భార్య స్వప్న చెవిన పడితే? మందుల దుకాణంలో నడుము నొప్పికని బిళ్లలు కొనుక్కుని, మింగి, కిక్కురుమనకుండా డ్యూటీకి పోయాను.

ఒకరోజు తిరిగి వస్తుంటే దక్తూరా బండి నడుపుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా నేను ఒక పక్కకు ఒరిగి పళ్లు బిగపట్టుకుంటున్నాను. ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“గంగాధర్, జ్వరం వస్తోందా?”

“లేదు దక్తూరా.”

“వృషణాలు వాచాయా?”

ఆమె వాడింది మేము మగ ఒంటెల గురించి రాసేటప్పుడు వాడే మాట. ఆడమనిషి, మా అమ్మ ఈడుది, నా పక్కన కూర్చుని, టైర్లో గాలి ఉందా అన్నంత మామూలుగా అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. “లేదు” అన్నాను. సిగ్గు కాసేపటికి కోపంగా మారింది. ఇదేం ఆడది, అడగడానికి నోరెలా వచ్చింది అనుకుంటూ గదికి పోయాను. ఆ తర్వాత ఆమె ఎదురుపడితే పక్క గదిలోకి తప్పుకోవడం, ఆమె బండి ఎక్కకుండా ఏదో పని కల్పించుకోవడం మొదలుపెట్టాను. జ్వరం మాత్రం నన్ను తప్పుకోలేదు. అలా నెలలు గడిచాయి.

చివరికి ఒక దొడ్డిలో నడుము పట్టేసి, రక్తం తీస్తూ తీస్తూ కూలబడ్డాను. పనివాళ్లు నన్ను నీడకు చేర్చి నీళ్లిచ్చారు. దక్తూరా వాళ్లను పంపేసి, నా ముందు కాకుండా నా పక్కన, నాలాగే కంచెకు ఆనుకుని ఇసుకలో కూర్చుంది. ఇద్దరం ఒంటెల వైపే చూస్తున్నాం.

“నాకు పెళ్లయిన కొత్త” అంది. “ఒక ఒంటె ఈసుకుపోతుంటే పిల్లను చేత్తో లాగాను. చేతికి తొడుగు లేదు. తర్వాత జ్వరం వచ్చింది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను.”

నేను ఆమె వైపు తిరగబోయి ఆగిపోయాను.

“ఆడదానికి ఒంటెల మధ్య ఏం పని అని మా అత్తగారు ముందునుంచీ అనేది. ఆ జ్వరం ఒంటెలదని చెబితే ఆమె మాటే నిజమవుతుందని చెప్పలేదు. డాక్టరుకీ చెప్పలేదు. నేనే డాక్టర్ని కదా. బిడ్డ పోయింది. మళ్లీ కాలేదు.” ఆమె చేతిలోకి ఇసుక తీసుకుని వదిలేసింది. “నా భర్తకు తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. చెప్పడానికి ఈ రోజు కూడా సిగ్గుగానే ఉంది. చూడు, నా చేతులు.”

చూశాను. ఎంతటి మొండి ఒంటెనైనా కదలకుండా పట్టుకునే చేతులు, ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

“ఇప్పుడు చెప్పు. వాచాయా?”

“అవును” అన్నాను. ఏడ్చాను కూడా. జబ్బుకు కాదు. నా ఒక్క ముక్క బయటికి రావడానికి ఆమె అంత దాచుకున్నది విప్పి నా ముందు పెట్టాల్సి వచ్చిందే అని. అంతకు ముందు పడింది అసలు సిగ్గే కాదని అప్పుడు తెలిసింది. ఆమె లేచి, ఇసుక దులుపుకుని, “ఖలాస్, ఇక చాలు. నడు ఆసుపత్రికి” అంది.

ఆసుపత్రిలో నాతోపాటే కూర్చుంది. వారాల తరబడి మందులు మింగాను. మూత్రం నారింజ రంగులో వస్తుంది, హడలిపోకు అని ముందే చెప్పింది, అదీ అంతే మామూలుగా. జ్వరం పోయింది, వాపు పోయింది. ఉద్యోగం కుదురుకున్నాక స్వప్నను ఇక్కడికి తెచ్చుకున్నాను. పిల్లలు మాత్రం కలగలేదు. పరీక్షలు చేసి, లోపం నాలోనే ఉందని, వాపు అన్నాళ్లు వదిలేయడం వల్ల కావచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చాక స్వప్న అన్నం పెట్టి, “అత్తమ్మకు చెప్పకు, తట్టుకోలేదు” అంది. అదే సౌకర్యంగా ఉందనిపించింది. చెప్పలేదు.

మా అమ్మ ఊరుకుంటుందా! ఫోన్ చేసినప్పుడల్లా స్వప్నను మొక్కులు మొక్కమనేది, ఉపవాసాలు ఉండమనేది. తర్వాత సాధింపు మొదలైంది. స్వప్న ఫోను చెవికి దూరంగా పెట్టుకుని ‘ఊ’ కొట్టేది. దక్తూరా పదవీ విరమణకు కొద్దిరోజుల ముందు ఏదో మాటల్లో ఈ సంగతి ఆమెతో అన్నాను. పాపం నా భార్య ఎంత ఓపిక గలదో చెబుదామని మొదలుపెట్టాను. ఆమె అంతా విని, “మీ అమ్మకు తెలియదా?” అంది. అంతే. నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు ముందు నేను ఎటూ తప్పుకోలేకపోయాను.

ఆ శుక్రవారం అమ్మే ఫోన్ చేసింది. “ఆ పిల్ల కడుపు పండదుర. ఇంకో సంబంధం సూస్త, నువ్వు ఒక్క మాట సెప్పు సాలు” అంది.

“అమ్మా, లోపం దానిది గాదు. నాది” అన్నాను. ఒంటె రోగం గురించి, వాపు గురించి, సిగ్గుపడి దాచిన సంగతి, అన్నీ చెప్పాను. కన్నతల్లితో ఆ మాటలు అనడం ఎంత కష్టమో మగపిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. గోడకు మొహం పెట్టుకుని చెప్పాను.

“గిసొంటి ముచ్చట ఫోన్ల సెప్తరార?” అంది అమ్మ. ఆ వెంటనే, “దానికియ్యి ఫోను” అంది.

స్వప్న భయపడుతూనే తీసుకుంది. అమ్మ ఆమెతో అన్నది ఒక్కటే: “తిన్నవా బిడ్డా?” స్వప్న ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

దక్తూరా ఇప్పుడు ముహర్రక్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఈద్‌కు ఫోన్ చేస్తే తన ఆరోగ్యం మాట దాటేసి మందలెలా ఉన్నాయని అడుగుతుంది. నేను పెద్దగా మారలేదు. నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ చెమటలే. ఆమెలా మామూలుగా అడగడం నాకు చేతకాదు. అయినా ఏ దొడ్డికి వెళ్లినా పనివాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్లి జ్వరం గురించి, ఆ తర్వాత ఆ రెండో సంగతి గురించి అడుగుతాను. కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు తిట్టారు.

ఈ చలికాలం కొత్తగా పరీక్షకు వచ్చిన ఒక మందలో రోగం బయటపడింది. దాన్ని కాసే లింగన్నది నిర్మల్ వైపు. తెలుగు వినగానే మొహం విప్పారింది గాని, కూర్చోబోతూ చెయ్యి నేలకు ఆన్చి మెల్లగా దిగాడు. అడిగాను.

“ఏం లేదు సారూ, గట్లాంటిదేం లేదు” అన్నాడు, మొహం తిప్పుకుని.

లేచి వచ్చేద్దామా అనిపించింది. మళ్లీ అతని పక్కనే ఇసుకలో కూర్చుని నా కథ మొదలుపెట్టాను. పాలు తాగింది, వాచింది, గదిలోవాళ్లకు దొరక్కుండా బిళ్లలు మింగింది. చెబుతుంటే చెవులు కాలిపోతున్నాయి. లింగన్న తల ఎత్తలేదు. అలాగే నేల చూస్తూ, “నాకు గూడ గట్లనే ఉంది తమ్మీ” అన్నాడు. “మందు తింటె తక్కువైతదా?”

“అయితది అన్నా.”

“నీకు మంచిగైందా? పిల్లలెంత మంది నీకు?”

“లేరు” అన్నాను. “నేను శానా దినాలు దాచిన. నువ్వు లే, బండెక్కు.”