లేబుళ్ళు ఒలిచిన డబ్బాలు

పోయిన గురువారం, లేనివాళ్ళకి ఊరికే సరుకులు పంచే మా ఊరు వెర్రిబీ చర్చి హాలు, నేను వారానికోసారి సాయానికి వెళ్ళే చోటు, దాని తలుపుకి కొత్త కాగితం అంటించారు. ఇకమీదట ప్రభుత్వం ఇచ్చే రాయితీ కార్డు చూపించినవాళ్ళకే సరుకుల సంచి, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి లేదు అని దాని సారాంశం. అంటించేవాళ్ళకి టేపు ముక్కలు తెంపి అందించింది నేనే. ఆ పని చేస్తున్నంతసేపూ పాతికేళ్ళ కిందట అదే తలుపు ముందు చీర చెంగు నిండా కప్పుకుని నిలబడ్డ ఒక మనిషి నాకు కనిపిస్తూనే ఉంది. ఆ మనిషినీ నేనే.

మేము ఈ దేశం వచ్చేనాటికి రూలు మారిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళకి, పర్మనెంటు వీసా ఉన్నా సరే, రెండేళ్ళ దాకా నిరుద్యోగ భృతి లేదన్నారు. మెడికేర్ కార్డు మాత్రం చేతిలో పెట్టారు, అంటే జ్వరమొస్తే చూసే దిక్కుంది గాని ఆకలేస్తే లేదన్నమాట. మన దేశంలో పదిమందికి పని చెప్పిన ఇంజనీరు మావారు, ఇక్కడ ఏ ఆఫీసుకెళ్ళినా లోకల్ అనుభవం లేదనిపించుకుని ఎనిమిది నెలలు ఊరికే తిరిగారు. ఆయనకు కూడా మొదట్లో చెప్పకుండా నేను ఆ హాలుకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడుండే తెల్లజుట్టు పెద్దావిడ కార్డు కాదు కదా, పేరైనా అడిగేది కాదు, నవ్వి సంచి ఇచ్చేది. ఆ సంచిని ఇంటి నుంచి తెచ్చుకున్న పట్టుచీరల కొట్టు సంచిలో దూర్చి, ఇంగ్లీషు క్లాసు నుంచి వస్తున్నట్టు మొహం పెట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని.

ప్రతి డబ్బాకీ దానం సరుకని, చర్చి పేరుతో సహా, ఊదారంగు లేబులు ఉండేది. వాటిని సింకులో వేణ్ణీళ్ళలో నానబెట్టి, గోటితో గీకి ఒలిచేదాన్ని. మన తెలుగువాళ్ళం శనివారాలు కలిసినప్పుడు తలా ఒక వంటకం పట్టుకెళ్ళేవాళ్ళం కదా, ఆ డబ్బాల్లోని సెనగలే కూర చేసి నేను తీసుకెళితే ఎంత మెత్తగా ఉడికించారండీ అని మెచ్చుకునేవాళ్ళు. నేను సిగ్గులేకుండా రాత్రే నానబోశానని చెప్పేదాన్ని. పైన పటారం, లోన లొటారం అంటే మా కాపురమే!

మా పక్కవీధిలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళాయన చదువుకోవడానికి వచ్చాడు, స్టూడెంటు వీసా కాబట్టి మెడికేర్ లేదు. ఆ పిల్లకి అయిదో నెల. కాన్పుకి ఆస్పత్రిలో ఎంతవుతుందోనన్న భయంతో ఇద్దరూ తిండి తగ్గించుకున్నారని చూస్తేనే తెలిసేది. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ తాగుతూ, తల వంచుకుని అడిగింది.

“అక్కా, సరుకులు ఊరికే ఇచ్చే చోటేదో ఉందంట కదా, మీకేమన్నా తెలుసా?”

“మాకేం తెలుసమ్మా, మాకెప్పుడూ ఆ అవసరం రాలేదు” అన్నాను. నా నోరు పడిపోను, తడుముకోకుండా అన్నాను. ఈ పిల్లకి తెలిస్తే శనివారానికి అందరికీ తెలుస్తుందన్నదొక్కటే నా భయం.

పర్లేదక్కా అని లేచి, వద్దంటున్నా వినకుండా, మంచి పెంపకం గనక, తాగిన గ్లాసు తానే కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. సగం ఒలిచిన లేబుళ్ళతో రెండు డబ్బాలు అక్కడే నానుతున్నాయి. వాటిని చూసింది, గ్లాసు కడిగి బోర్లించింది, వెళ్ళొస్తానక్కా అని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ లేబులు మీది పేరే దారి చూపించినట్టుంది, మరుసటి గురువారం వరుసలో నా వెనక నలుగురి అవతల ఆ అమ్మాయి నిలబడి ఉంది. నన్ను చూసింది. చూసి, నేను చూడలేదనుకునేలా చున్నీ మొహానికి అడ్డం లాక్కుని, వరుస వదిలి ఖాళీ చేతులతో వెళ్ళిపోయింది. వట్టి మనిషి కాదు, నా పరువు నిలబెట్టడానికి ఆ పూట సరుకులు వదులుకుంది. నేనేం చేశాను? నా వంతు వచ్చేదాకా నిలబడి, నా సంచి తీసుకుని ఇంటికొచ్చాను. వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగడుగులు, సగం పట్టుకెళ్ళి ఇవ్వడానికి కాళ్ళు రాలేదు. తర్వాత కొన్నాళ్ళకి వాళ్ళు కాన్‌బెర్రా వెళ్ళిపోయారు. కాన్పు ఎలా అయిందని ఎవరినైనా అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

పోయిన గురువారం కాగితం అంటించిన గంటకల్లా, చంటిబిడ్డను పిల్లల బండిలో వేసుకుని మన పిల్లే ఒకతి వచ్చింది. కార్డు లేదు. బల్ల దగ్గర ఉన్నది నేనే కాబట్టి సారీ చెప్పిందీ నేనే, అదీ ఇంగ్లీషులో. మనసు ఒప్పక వెనకే కారు పార్కులోకి పరిగెత్తి, పొద్దున నా ఇంటికని కొన్న బియ్యం సంచి ఆ బండి కింద పెట్టాను.

“ఆంటీ, ప్లీజ్, టెంపుల్‌ల ఎవ్వరికీ చెప్పకండి. మా ఆయన జాబ్ పోయిందని ఎవ్వరికీ తెల్వదు.”

చెప్పనమ్మా అన్నాను. అనవలసిన మాట ఇంకొకటుంది, నేనూ ఈ వరుసలో నిలబడ్డదాన్నేనని. అది మాత్రం అనకుండా, బియ్యం సంచి జారిపోకుండా బండి కింద సర్దాను. ఆ పిల్ల తల వంచుకునే బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

మన తరం వాళ్ళం ఇప్పుడు ఇళ్ళు కట్టుకున్నాం, కార్డులన్నీ సంపాదించుకున్నాం, ఎవరింట్లోనూ లేబుళ్ళు ఒలవాల్సిన పని లేదు. ఆ రోజుల్లో ఆ తలుపు ఎవరినీ ఏమీ అడిగేది కాదు, దారి దాచిపెట్టింది నాలాంటివాళ్ళమే. ఈసారి దాచడానికి అసలు ఆ దారే లేదు. వచ్చే గురువారం ఆ పిల్ల రాదు, రావద్దని తలుపు మీద రాసి ఉంది, ఆ కాగితానికి టేపు అందించింది నేను.