ముందుగదిలో పచ్చ కార్పెట్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి మొన్న మాఘంలో చనిపోయింది. ఆమె మా అక్క. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెప్పగలననుకుంటున్నాను.

మాది గద్వాలలో నేత ఇల్లు. నాన్న చీరలు నేసేవాడు. ముందుగదిలో గుంత మగ్గం ఉండేది. అక్కకు పెళ్లయిన నాలుగేళ్లకే బావ పోయాడు. ఆమె తిరిగి మా ఇంటికి వచ్చేనాటికి నాకు పన్నెండేళ్లు. అప్పటికే అమ్మ లేదు. అక్క రాట్నం ముందు కూర్చుని నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టింది. నాన్న పోయాక రెండు వీధుల అవతల వీరన్న మగ్గాలకు చుట్టింది. నా చదువు ఆ కండెల మీదే నడిచింది. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయ్యాక కూడా ఆమె మానలేదు. పెళ్లి చేసుకోని నేనూ, అక్కా, ఆ ఇల్లు. లోపలి గది నాదీ నా పుస్తకాలదీ. ముందుగది అక్కది. పగలు అక్కడే చుట్టేది, రాత్రి అక్కడే చాప వేసుకుని పడుకునేది.

నాన్న పోయిన రెండేళ్లకు మగ్గం తీసేసి గుంత పూడ్పించాను. మట్టి నింపి పైన షాబాద్ బండలు వేయించాను. కొత్త బండలు పాతవాటితో కలవలేదు. నల్లటి నేలలో మనిషి పడుకునేంత జాగా తెల్లగా కనిపించేది. ఇంటికి వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు, ఇక్కడేముండేది సార్ అని. మగ్గం ఉండేదని చెప్పడానికి నాకు సిగ్గు. ఎందుకు సిగ్గు? ఆ మగ్గం మీద నేసిన చీరలు కట్టుకున్నవాళ్లు సిగ్గుపడలేదు. దాని అన్నం తిన్నవాణ్ణి నేను పడ్డాను. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం?

ఆ మచ్చ కనిపించకుండా కర్నూలు నుంచి కార్పెట్ తెప్పించాను. ముదురు పచ్చ రంగు. గోడ నుంచి గోడ దాకా గమ్ము పూసి అతికించి పోయారు. రెండు వారాల దాకా గమ్ము వాసన పోలేదు. మా వీధిలో అలాంటిది ఇంకెవరి ఇంట్లోనూ లేదు. అక్క మొదటిరోజు దాని మీద నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

“ఏందిరా ఇది? మేకల మంద మీద నడిచినట్లున్నది. ఎప్పుడన్న ఒకటి లేసి అరుస్తదేమో!”

ఇద్దరం నవ్వుకున్నాం.

అక్కకు పొద్దున్నే ఇల్లు కడగకపోతే తోచదు. కడగని ఇంట్లో దీపం పెట్టదు. కార్పెట్‌ను కడగొద్దని చెప్పాను. “కడగకుంటే అది నేలెట్లయితదిరా?” అంది. నేను కాలేజీకి పోగానే తడిబట్ట పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా తుడిచేది. మధ్యాహ్నం ఇంటికొస్తే అరికాళ్లకు తడి తగిలేది. ఒకటి రెండుసార్లు కసిరి ఊరుకున్నాను. పైన ఆరినట్టే ఉండేది. కింద ఏమవుతోందో ఎవరు చూశారు? పైగా వీధి దుమ్ము పడుతుందని ముందుగది కిటికీలు మూయించాను. ఆ మూయించింది నేనే.

నెల తిరగకముందే అక్కకు తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున లేస్తే ఇరవై ముప్పై తుమ్ములు. కళ్లు ఉబ్బి నీళ్లు కారేవి. మోచేతుల మీద, ఎడమ చెంప మీద దద్దుర్లు లేచేవి. ఆమె ఎడమ పక్కకు తిరిగి పడుకుంటుంది. ఆ చెంపకూ నేలకూ మధ్య ఒక చాప, మడతపెట్టిన చీర. ఇది నేను గమనించాను. గమనించి ఏం చేశాను? పసుపు వేసి ఆవిరి పట్టమన్నాను. మందుల షాపులో తుమ్ముల గోలీలు తెచ్చిచ్చాను. అవి వేసుకుంటే పగలంతా మత్తుగా రాట్నం ముందే తూగేది. వానాకాలం వచ్చేసరికి దగ్గు, ఆయాసం. పడుకుంటే ఎద మీద బండ పెట్టినట్టుందని గోడకు చేరగిలబడి కూర్చునే నిద్రపోయేది.

దవాఖానకు తీసుకుపోయాను. ఆ రోజు జరిగింది మాట పొల్లుపోకుండా గుర్తుంది.

డాక్టరు ఎద మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను అడిగాడు. “ఇంట్ల కొత్తగా ఏమన్న చేసిన్రా సార్? రంగులేసుడు, కొత్త పరుపులు, గిట్లాంటివి?”

అక్క నావైపు చూసింది. ఆమెకు కార్పెట్ తట్టలేదు, నాకు తట్టింది. నోటిదాకా వచ్చింది.

“ఏం లేదు సార్,” అన్నాను. “ఈమె నూలు చుడ్తది. పొద్దంతా ఆ దుమ్ముల్నే ఉంటది.”

“ఎన్నేండ్ల సంది?”

“ముప్పై ఏండ్లయితది,” అంది అక్క.

“ముప్పై ఏండ్లు పడ్డది ఇప్పుడెందుకు పడదమ్మా?”

“వయసు గద సార్,” అన్నాను నేను. ఆమెను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాను.

డాక్టరు మందుచీటీ అందుకున్నాడు. “అయితే జర కొన్నాళ్లు బంద్ చేసి చూడమ్మా.”

అక్క నవ్వింది. “నూలుల్నే పుట్టిన సార్. నూలే పడకుంటే ఇగ నాకేం పడ్తది?”

ఎందుకలా చెప్పాను? కార్పెట్ పీకితే కింద ఆ తెల్లమచ్చ బయటపడుతుంది. అది ఒక కారణం. దాని కంటే పెద్దది ఇంకొకటుంది, దాన్ని రాయడానికే ఇంతసేపు తిరుగుతున్నాను. అక్క రాట్నం ఇంట్లోంచి పోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆ చప్పుడు, నూలు పీచు, సాటి లెక్చరర్లు వస్తే తలుపు దగ్గర కండెల బుట్ట. మానెయ్యమని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగితే ఆమె నా మొహం చూసి అంతా అర్థం చేసుకునేది. ఆ పని డాక్టరు నోటితో చేయించాను. అప్పటికి నాకు రూఢిగా తెలియదు కదా, అనుమానమే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అనుమానమే అయితే ఎందుకు చెప్పలేదు?

ఆ వారమే వీరన్న భార్య ఈరమ్మ వచ్చి రాట్నం, బుట్ట తీసుకుపోయింది. అక్క గడప దాకా వెళ్లి చూసి వచ్చింది. తర్వాత ఆ కిటికీలు మూసిన గదిలో, ఆ పచ్చ కార్పెట్ మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతకుముందు నూలు ఇవ్వడానికో తేవడానికో రోజుకు రెండుసార్లు వీధిలోకి పోయేది. ఇప్పుడు అదీ లేదు. చేసేందుకు పని లేక ఆ కార్పెట్‌నే రెండు పూటలా తుడవడం మొదలుపెట్టింది. దగ్గు పెరిగింది.

“చుట్టుడు బంద్ చేసిన గదరా, మల్ల పోతలేదేంది?” అని అడిగేది.

“ముప్పై ఏండ్ల దుమ్ము గదక్కా, లోపల కూసున్నది. టైం పడ్తది.”

ఇది రెండో అబద్ధం. చెప్పడం మొదటిదానికన్నా సులువైంది.

ఆ చలికాలంలో అక్క మా పెద్దనాన్న కూతురు ఇంట్లో పెళ్లికని గట్టు అనే ఊరికి పోయి పన్నెండు రోజులుంది. ఆముదాలు కొట్టే రోజులు. కళ్లాల్లో పొట్టు ఎగురుతుంటుంది. తిరిగొచ్చినప్పుడు అక్క మొహం తేటగా ఉంది. చేతుల మీద దద్దుర్లు మానిపోయాయి. “గంత దుమ్ముల తిరిగిన, ఒక్క తుమ్ము రాలేదురా,” అంది ఆశ్చర్యంగా. “ఆడ గాలి మంచిది.”

“అవునక్కా, గాలి,” అన్నాను.

ఆ రాత్రి ముందుగదిలో పడుకుంది. తెల్లారేసరికి కళ్లు తెరవరాకుండా ఉబ్బాయి. “నా ఇంట్లనే నాకు ఊపిరి ఆడ్తలేదు,” అంటూ తడుముకుంటూ బావి దగ్గరికి పోయింది. ఇక నాకు అనుమానం అనే సాకు కూడా లేదు. ఆ రోజే కార్పెట్ చింపి బయట పడేస్తే సరిపోయేది. కానీ తీసేస్తే ఆమె బాగవుతుంది. బాగైతే అడుగుతుంది, మరి నా రాట్నం ఎందుకు పంపించినవురా అని. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి మా అక్కను ఇంకో ఏడాదిన్నర ఆ గదిలోనే ఉంచాను. లోపలి గదిలో పడుకోమనైనా అనలేదు. అంటే, ఎందుకని అడుగుతుందని. రాత్రి ఆమె దగ్గు వినపడకుండా తలుపు దగ్గరికి వేసుకుని చదువుకునేవాణ్ణి. ఏం చదివానో ఒక్కటీ గుర్తులేదు.

వనపర్తికి నా బదిలీ అయింది. కిరాయి ఇంట్లో అంతా బండల నేల. అక్క రోజూ కడిగింది. మూడు నెలల్లో దగ్గు పోయింది. దద్దుర్లు పోయాయి. ఆమె వీధిలో అందరికీ చెప్పేది: “మా తమ్ముడు చదువుకున్నోడు, ముందే కనిపెట్టిండు. నూలు ఇడిసిపెట్టిన, పానం బాగైంది.” నా ముందే చెప్పేది. నేను తల వంచుకుని ఉండేవాణ్ణి. వాళ్లు దాన్ని వినయమనుకున్నారు. గద్వాల ఇంట్లో కిరాయికి దిగినవాళ్లు మొదటి నెలలోనే, వాసన భరించలేకపోతున్నామని, కార్పెట్ పీకేశారు. కింద గుంత పూడ్చిన మేర నల్లగా బూజు పట్టి ఉందని చెప్పారు. ఆ మాట అక్కకు చేరనివ్వలేదు.

మొన్న మాఘంలో అక్క గుండె ఆగి పోయింది. ఊపిరితో సంబంధం లేదని డాక్టర్లు అన్నారు. నాకు అంతకు మించి తెలియదు, దాని వెనక దాక్కోదలచుకోలేదు కూడా.

పదో రోజుకు గద్వాల నుంచి ఈరమ్మ వచ్చింది. ముసలిదైపోయింది. నా పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది.

“ఏడాదికొకసారన్న బస్సెక్కి వచ్చేది సార్ మీ అక్క. రాట్నం కాడ దూరంగ కూసునేది. చుట్టేటోళ్లను చూసి, గట్ల కాదే మొద్దుమొహందానా, దారం జర సడలియ్యి అని తిట్టేది. జర నువ్వే చుట్టు వదినా అంటే, అమ్మో, మల్ల దగ్గొస్తది, మా తమ్ముడు పరేషానైతడు అని చేతులు చీరల దాసుకునేది.”

ఆమె గద్వాలకు పోతుందని నాకు తెలుసు. చుట్టాలను చూడ్డానికి అనుకున్నాను.

అప్పుడైనా ఈరమ్మకు చెప్పి ఉండవచ్చు. పక్కన ఎవరూ లేరు. నోరు తెరిచాను. “చాయ తాగినవా ఈరమ్మా?” అన్నాను.

ఆమె పోయిన తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఈరమ్మకు చదువు రాదు. ఈ కాగితాలు తీసుకుపోయి నేనే చదివి వినిపించాలి. వినిపిస్తానో లేదో నా మీద నాకు నమ్మకం లేదు. విని ఆమె తిట్టినా, ఊరుకోబెట్టినా, అది అక్క మాట కాదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. మా అక్కకు నూలు పడకపోవడం అబద్ధం. ఆమె చనిపోయేదాకా కండెలు చుట్టుకుని ఉండవచ్చు. చుట్టనివ్వనివాణ్ణి నేను. ఈ మాట ఇప్పటిదాకా నా తల బయట ఎక్కడా లేదు. ఇప్పుడు కాగితం మీద ఉంది, చదివి చూసుకుంటే నా చేతిరాతే.