అమ్మ చేత మళ్ళీ మాట్లాడించిన గిరిజా టీచర్

నిన్న క్లినిక్‌లో ఒక పెద్దాయన మోకాలికి ఎక్సర్‌సైజ్ చేయిస్తుంటే ఫోన్ వచ్చింది.

గిరిజా టీచర్ ఇక లేరు. హార్ట్ ఎటాక్.

"ఏమైందమ్మా, ఆపినవ్?" అన్నాడు పెద్దాయన. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

స్కూల్లో నాకు చదవడం వచ్చేది కాదు. పాఠం వింటే గడగడా అప్పజెప్పేదాన్ని. పుస్తకం ముందు పెడితే మాత్రం అక్షరాలన్నీ తారుమారు. డిస్లెక్సియా అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంట్లో తెలుగు, స్కూల్లో కన్నడ, వీధిలో ఉర్దూ. మన రాయచూరులో అందరిదీ అంతే కదా. కానీ స్కూల్‌వాళ్ళు, "పిల్ల కన్ఫ్యూజ్ అయితున్నది, ఇంట్ల గూడ కన్నడనే మాట్లాడుండ్రి" అన్నారు.

మా అమ్మది గద్వాల. ఆమె కన్నడ కూరగాయల బేరానికే సరిపోయేది. ఇంక నాతో ఏం మాట్లాడుతుంది, పాపం!

"ఊట మాడు", అంటే అన్నం తిను అని కంచం ముందు పెట్టేది.

అంతే.

అమ్మకి నా మీద కోపం అనుకునేదాన్ని.

అయినా మార్కులు రాలేదు. ఏడో క్లాస్‌లో నాన్న టీసీ తీసుకుని, చదువు మాన్పించేద్దామనుకున్నారు.

అప్పుడు మా ఇంటికొచ్చారు గిరిజా టీచర్. ఆవిడ కన్నడ టీచరే. అమ్మ పక్కన కూర్చుని తెలుగులో చెప్పారు.

"ఇంట్ల మీ భాషల్నే మాట్లాడుండ్రమ్మా. పిల్లకు భాషలు ఎక్కువ గాలేదు, తెలివి తక్కువ లేదు. చదువుడు ఒక్కటే కష్టమైతున్నది. టీసీ గీసీ ఏమొద్దు, సాయంత్రం నా దగ్గరికి పంపియ్యుండ్రి."

ఆ పూట జడ వేస్తూ అమ్మ ఎంత మాట్లాడిందో! నాకు ఏడుపు ఆగలేదు.

టీచర్ పాఠం చదివి వినిపించేవారు. నేను ఇంటికెళ్ళి అమ్మకి తెలుగులో చెప్పాలి. అమ్మకి అర్థమైతేనే నాకు వచ్చినట్టు లెక్క.

టెన్త్‌లో నేను చెబుతుంటే పరీక్ష రాసే అమ్మాయికి పర్మిషన్ కోసం టీచర్ ఎన్ని ఆఫీసులు తిరిగారో. హాల్ బయట నవ్వుతూ, "నీ నోరు పరీక్ష రాస్తది, చెయ్యిని రెస్ట్ తీస్కోనియ్" అన్నారు.

పాసయ్యాను. ఫిజియోథెరపీ చేశాను.

చదవడం ఇప్పటికీ స్లోనే. ఈ పోస్ట్ కూడా ఫోన్‌కి చెప్పి రాయించాను. తప్పులు దిద్దింది అమ్మ. మధ్యలో లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చింది.

టీచర్, మా ఇంట్లో అమ్మ నోటికి ఇప్పుడు విరామం లేదు. అంతా మీ పుణ్యమే.

వెళ్ళి రండి. మీరెక్కడున్నా హాయిగా ఉండాలి.